ఫైనల్ ఆడాడు, గెలిచాడు, గుర్తు లేదు: స్టీవ్ థాంప్సన్ కేసులో ముడి ఎక్కడుంది?

2003 నవంబరు 22, సిడ్నీ. రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా 17-17 దగ్గర సమంగా ఉన్నాయి. ఎనభై నిమిషాల ఆట అయిపోయింది, ఇరవై నిమిషాల అదనపు సమయం కూడా చివరికొచ్చింది. అప్పుడు ఇంగ్లండ్‌కి ఒక లైనౌట్ దొరికింది. బంతి గీత దాటి బయటికి పోతే ఒకడు దాన్ని లోపలికి విసరాలి, రెండు జట్ల ఫార్వర్డ్‌లూ వరసకట్టి నిలబడి, తమవాణ్ని గాల్లోకి ఎత్తి అందుకోవాలి. అదే లైనౌట్. వరస మొదట్లో ఉన్నవాడికి విసిరితే బంతి భద్రం, కానీ అక్కణ్నుంచి ముందుకు కదలడం కష్టం. ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్ తెగించి వరస చివరికంటా విసిరాడు. లూయిస్ మూడీ అందుకున్నాడు. బంతి మాట్ డాసన్, మార్టిన్ జాన్సన్‌ల మీదుగా చివరికి జానీ విల్కిన్సన్ చేతికి చేరింది. అతనిది ఎడమ కాలి వాటం. అయినా కుడి కాలితో డ్రాప్ గోల్ (బంతిని నేలకి వదిలి, అది లేస్తుండగా గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) కొట్టాడు. 20-17. ఉత్తరార్ధగోళం నుంచి పురుషుల రగ్బీ ప్రపంచ కప్ గెలిచిన జట్టు ఇంకోటి లేదు.

థాంప్సన్ ఆ రోజు వంద నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. పదిహేడేళ్ల తరవాత, 2020 డిసెంబరులో, ఆ ఆట తనకి ఏమాత్రం గుర్తు లేదని పత్రికలకి చెప్పాడు. అప్పటికి అతని వయసు 42. చిన్న వయసులోనే మొదలైన డిమెన్షియా అని డాక్టర్లు తేల్చారు, దాని వెనక సీటీఈ అనే మెదడు జబ్బు ఉండొచ్చన్నారు. ఒక్కోసారి భార్య పేరు కూడా తట్టదని అతనే చెప్పుకున్నాడు. ఆ నెలలోనే అతనూ, మరికొందరు మాజీ ఆటగాళ్లూ కలిసి అంతర్జాతీయ సంఘమైన వరల్డ్ రగ్బీ మీదా, ఇంగ్లండ్, వేల్స్ రగ్బీ సంఘాల మీదా కేసుకు సిద్ధమయ్యారు. వేల్స్ మాజీ ఫార్వర్డ్ ఆలిక్స్ పోఫమ్, ఇంగ్లండ్ మాజీ ఫార్వర్డ్ మైకేల్ లిప్‌మన్ కూడా అందులో ఉన్నారు.

ఈ కథని బయటివాళ్లు రెండు ముక్కల్లో చెప్పేస్తుంటారు: తలకి గట్టి దెబ్బలు తగిలాయి, జ్ఞాపకం పోయింది, సంఘాలు పట్టించుకోలేదు, కాబట్టి పరిహారం ఇవ్వాలి. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ అందులో మూడు వేరువేరు ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడ్డాయి. అతనికున్నది ఏ జబ్బు? అది ఆట వల్లే వచ్చిందా? వచ్చుంటే దానికి బాధ్యులు ఎవరు? మొదటిది డాక్టర్లది, రెండోది గణాంకాలవాళ్లది, మూడోది జడ్జీలది. ఒకరి సమాధానం ఇంకొకరికి పనికిరాకపోవచ్చు. నా మటుకు నాకు, ఈ కేసులో జనం ఎక్కువగా మాట్లాడే ‘పెద్ద దెబ్బ’ కంటే ఎవరూ టికెట్ కొని చూడని ప్రాక్టీసు గంటలే ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు హుకర్ అనేవాడు ఏం చేస్తాడో చూడాలి.

రెండు చేతులూ బంధించుకుని

రగ్బీలో ఇక్కడ చెప్పుకునే ‘రగ్బీ యూనియన్’ అనే రకంలో జట్టుకి 15 మంది. 1 నుంచి 8 నంబర్ల వాళ్లు ఫార్వర్డ్‌లు, 9 నుంచి 15 దాకా బ్యాక్‌లు. పరిగెత్తి స్కోరు చేసి పేపర్లో ఫొటో వేయించుకునేవాళ్లు ఎక్కువగా బ్యాక్‌లే. కుమ్ములాటలో దూరి బంతిని గెలిచి వాళ్లకి అందించే చాకిరీ ఫార్వర్డ్‌లది. (2025లో మన దేశంలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ‘హైదరాబాద్ హీరోస్’ ఉంది కదా అంటారేమో. అది ఏడుగురి ఆట. పరుగే ప్రాణం, స్క్రమ్‌లో ముగ్గురే ఉంటారు. ఇక్కడ చెప్పుకుంటున్న బరువు అందులో లేదు.)

ఏదైనా చిన్న తప్పు జరిగి ఆట ఆగితే, తిరిగి మొదలుపెట్టే పద్ధతి స్క్రమ్. ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది, మూడు వరసలుగా ఒకరినొకరు పట్టుకుని వంగి, ఎదుటివాళ్ల తలల సందుల్లో తమ తలలు దూర్చి నెడతారు. ముందు వరసలో అటూ ఇటూ ప్రాప్‌లు, నట్టనడుమ 2 నంబరు జెర్సీతో హుకర్. ప్రాప్‌కి కనీసం ఒక చెయ్యి ఎదుటివాణ్ని పట్టుకోడానికి ఉంటుంది. హుకర్‌కి అదీ లేదు. రెండు చేతులూ తన ప్రాప్‌ల భుజాల మీదుగా పోయి బిగుసుకుని ఉంటాయి. స్క్రమ్ కూలితే నేలమీద ఆనుకోడానికి చెయ్యి రాదు. అది చాలదన్నట్టు, స్క్రమ్ హాఫ్ (9 నంబరు ఆటగాడు) బంతిని లోపలికి వదలగానే హుకరే కాలు చాచి దాన్ని వెనక్కి లాగాలి. వెనక నుంచి సొంత జట్టు, ముందు నుంచి ఎదుటి జట్టు తోస్తుంటే ఆ క్షణం అతను ఒంటికాలి మీద ఉంటాడు. కాడి కింద మెడ పెట్టిన ఎద్దుకైనా బరువు ఒకవైపు నుంచే వస్తుంది.

ఆ బరువెంతో బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచారు. అంతర్జాతీయ స్థాయి పురుషుల జట్టు స్క్రమ్ మెషీన్‌ని ఢీకొన్న క్షణంలో పుట్టే బలం ఒకటిన్నర టన్ను బరువుకి మించింది. స్క్రమ్ మెషీన్ అంటే మెత్తటి దిండ్లు బిగించిన ఇనుప బండి. ఎదుటి జట్టు లేకుండా ప్రాక్టీసు చెయ్యడానికి దాన్ని ఢీకొడతారు. ఒకసారి కాదు, కోచ్ చాలన్నదాకా. అలా ఢీకొని పైకి లేచినప్పుడు కళ్లముందు తెల్లగా కమ్మేసేదని, కాసేపు తనెక్కడున్నాడో తెలిసేది కాదని థాంప్సన్ తరవాత్తరవాత చెప్పాడు. అప్పట్లో దాన్ని ఎవరూ గాయం అనుకోలేదు. కట్టు కట్టడానికి రక్తం లేదు, మోసుకుపోవడానికి స్ట్రెచర్ లేదు.

అతని కాలంలో రెండు ముందువరసలూ దూరంగా నిలబడి, రిఫరీ పిలవగానే ఒకరిమీదికొకరు దూకేవాళ్లు. 2007లో మధ్యలో ఒకసారి చేత్తో తాకి, కాస్త ఆగి, అప్పుడు కలవాలన్నారు. 2013లో ముందే ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని, అప్పుడు తొయ్యాలన్నారు. ఆ చివరి మార్పుతో ఢీకొనే బలం పావువంతు దాకా తగ్గింది. అప్పటికి థాంప్సన్ ఆట మానేసి ఏడాది దాటిపోయింది.

ఆపింది మెడ, తల కాదు

థాంప్సన్ పుట్టింది 1978లో. నార్తాంప్టన్ సెయింట్స్ క్లబ్బులో పెద్దవాళ్ల ఆటలోకి వచ్చాడు. మొదట్లో వెనక వరసలో ఆడేవాడు. ఆరడుగులు దాటిన ఒడ్డూ పొడుగూ, వంద కిలోల పైచిలుకు బరువూ ఉండి కూడా బాగా పరిగెత్తేవాడు. అలాంటివాణ్ని హుకర్‌గా మార్చారు. స్క్రమ్‌కి బలం పనికొస్తుంది గానీ లైనౌట్‌లో విసరడం వేరే విద్య. తల మీదుగా రెండు చేతులతో, గాల్లో ఉన్న మనిషి వేళ్లకి అందేలా, పక్కనే ఎగిరిన ప్రత్యర్థికి అందకుండా పడాలి. ఇంగ్లండ్ కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్ ఆ ఒక్క పనికే సైమన్ హార్డీ అనే శిక్షకుణ్ని పెట్టాడు. సిడ్నీలో ఆ చివరి విసురు వెనక అలాంటి వేలాది విసుర్లున్నాయి.

2002 ఫిబ్రవరిలో స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కి తొలి మ్యాచ్ ఆడాడు. మరుసటి ఏడు అతని కెరీర్‌కి శిఖరం. మార్చిలో డబ్లిన్‌లో ఐర్లండ్‌ని 42-6తో ఓడించి గ్రాండ్ స్లామ్, అంటే ఆరు దేశాల పోటీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం. జూన్‌లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద 15-13 గెలుపు. ఆ మ్యాచ్‌లో నీల్ బ్యాక్, లారెన్స్ డలాలియో ఇద్దరూ ఎల్లో కార్డుతో బయట కూర్చున్నప్పుడు, తమ గీత ముందే ఆరుగురు ఇంగ్లండ్ ఫార్వర్డ్‌లు ఎనిమిదిమంది న్యూజిలాండ్ స్క్రమ్‌ని తట్టుకున్నారు. ఫార్వర్డ్ ఆట అంటే ఏమిటో చూపించమంటే ఇంగ్లండ్ అభిమానులు ఇప్పటికీ ఆ కొద్ది నిమిషాలే చూపిస్తారు. స్కోరుబోర్డు మీద దాని ఆనవాలు ఉండదు. నవంబరులో సెమీఫైనల్లో ఫ్రాన్స్ మీద 24-7, ఆ పైన ఫైనల్.

2005లో బ్రిటన్, ఐర్లండ్ మేటి ఆటగాళ్లని కలిపి కట్టే బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ జట్టుతో న్యూజిలాండ్ వెళ్లాడు. 2007లో మెడ ఎముకల మధ్య డిస్క్ దెబ్బతిని ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటికి ఇంకా ఇరవై తొమ్మిది నిండలేదు. అక్కడితో ఆగితే కథ వేరేగా ఉండేదేమో. కానీ అదే ఏడాది చివర్లో, డాక్టర్లు సరేనన్నాక, ఫ్రాన్స్‌లోని బ్రీవ్ క్లబ్బుతో మళ్లీ మొదలుపెట్టాడు. గాయం కింద అందుకున్న బీమా సొమ్ము వెనక్కి కట్టి మరీ. 2009లో ఇంగ్లండ్ జట్టులోకీ వచ్చాడు. లీడ్స్‌కీ, ఆ తరవాత వాస్ప్స్‌కీ మారాడు. 2011 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో ఓడింది. ఆ డిసెంబరులో మళ్లీ మెడే అడ్డొచ్చి, ఈసారి పూర్తిగా మానేశాడు. మొత్తం 73 మ్యాచ్‌లు. ఇంగ్లండ్ తరపున అప్పటిదాకా ఏ హుకరూ అన్ని ఆడలేదు.

ఈ కెరీర్‌ని ఆనాటి వార్తల్లో వెతికితే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండుసార్లూ అతన్ని ఆపింది మెడే. మెడకి స్కాన్ ఉంది, ఆపరేషన్ ఉంది, బీమా ఉంది, తిరిగి ఆడొచ్చని రాసిచ్చే డాక్టర్ ఉన్నాడు. తల ఊసు ఆ కథలో దాదాపు రాదు. హుకర్‌కి మెడ ప్రమాదం అని అందరికీ తెలుసు కాబట్టి చూసేవాళ్లంతా అటే చూశారు.

బతికుండగా తేలని జబ్బు

డిమెన్షియా అనేది లక్షణాల పేరు. జ్ఞాపకం, ఆలోచన, మాట తడబడి రోజువారీ బతుకు నడవని స్థితి. దాని వెనక అల్జీమర్స్ ఉండొచ్చు, ఇంకోటి ఉండొచ్చు. సీటీఈ, అంటే క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌కెఫలోపతి, అలాంటి ఒక కారణం. మెదడు మడతల లోతుల్లో, సన్నటి రక్తనాళాల చుట్టూ టౌ అనే ప్రోటీన్ ముద్దకట్టడం దాని గుర్తు. చిక్కేమిటంటే ఆ గుర్తు మైక్రోస్కోపు కింద తప్ప కనబడదు. మనిషి పోయాక మెదడుని కోసి చూడాలి. బతికున్నవాళ్లకి డాక్టర్లు ఇవ్వగలిగింది ‘ఉండే అవకాశం ఎక్కువ’ అనే అంచనా మాత్రమే. ఆ అంచనాకి ఒక ఉమ్మడి కొలబద్ద కూడా 2021లో గానీ రాలేదు. థాంప్సన్ 2021లో తన మెదడుని పరిశోధనకి రాసిచ్చాడు.

అతనికి డిమెన్షియా ఉందా అంటే ఉందని డాక్టర్లు చెప్పారు, ఆ సంగతి పేచీలో లేదు. సీటీఈ ఉందా అన్నది వేరు. కోర్టులో వాదించేవాళ్లు ఆ రెండో మాటని ఎంత గట్టిగా చెప్పగలరో సైన్సు ఒప్పుకోవాలి, సైన్సేమో శవపరీక్ష దాకా ఆగమంటుంది.

రగ్బీకి ఇది కొత్త కావచ్చు గానీ క్రీడలకి కాదు. బాక్సర్లు వయసు మళ్లకుండానే తూలడం, మాట ముద్దగా రావడం గురించి అమెరికా డాక్టర్ హారిసన్ మార్ట్‌లండ్ 1928లోనే రాశాడు. 1973లో బ్రిటన్‌లో పదిహేనుమంది బాక్సర్ల మెదళ్లు పరీక్షించి జబ్బు స్వరూపం వివరంగా అచ్చేశారు. 2002లో రెండు సంగతులు ఒకే ఏడాదిలో జరిగాయి. ఇంగ్లండ్ మాజీ ఫుట్‌బాలర్ జెఫ్ ఆస్టల్ 59 ఏళ్లకే పోతే, బంతిని తలతో కొట్టికొట్టి వచ్చిన వృత్తి వ్యాధి అని కరోనర్ (మరణ కారణాన్ని విచారించే అధికారి) తేల్చాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో డాక్టర్ బెన్నెట్ ఒమాలు సీటీఈని చూశాడు, దాన్ని 2005లో ప్రచురించాడు. థాంప్సన్ ఇంగ్లండ్ జెర్సీ తొలిసారి వేసుకుంది ఆ 2002లోనే. ఈ తేదీలు ముందుముందు పనికొస్తాయి.

లెక్కలు ఏమంటున్నాయి, ఏమనడం లేదు

గ్లాస్గోలో డాక్టర్ విల్లీ స్టీవర్ట్ బృందం 2022లో ఒక పరిశోధన ప్రచురించింది. స్కాట్లండ్ తరపున ఆడిన 412 మంది మాజీ రగ్బీ ఆటగాళ్లని, అదే వయసూ అలాంటి నేపథ్యమూ ఉన్న 1,236 మంది మామూలు మగవాళ్లతో పోల్చారు. మెదడూ నరాలూ క్షీణించే జబ్బులు ఆటగాళ్లలో 11.4 శాతం మందికి, మిగతావాళ్లలో 5.4 శాతం మందికి వచ్చాయి. విడివిడిగా చూస్తే డిమెన్షియా ముప్పు రెండింతలు, పార్కిన్సన్స్ మూడింతలు, మోటార్ న్యూరాన్ వ్యాధి (కండరాల్ని నడిపే నరాలు చచ్చుబడే జబ్బు) పదిహేనింతలు. ఈ చివరి అంకె హెడ్‌లైన్లకెక్కింది. అందుకు కారణముంది: స్కాట్లండ్ మాజీ ఫార్వర్డ్ డాడీ వియర్ 2017లో తనకి ఆ వ్యాధి ఉందని ప్రకటించి, 2022 నవంబరులో 52 ఏళ్లకి కన్నుమూశాడు. కానీ మోటార్ న్యూరాన్ వ్యాధి అసలే అరుదు, లెక్కలోకి వచ్చిన మనుషులు బహు కొద్దిమంది, కాబట్టి ఆ పదిహేనుని పట్టుకుని ఊగిపోకూడదు.

నాకు ఆ పరిశోధనలో వేరే వాక్యం ముఖ్యం. ఫార్వర్డ్‌లకీ బ్యాక్‌లకీ తేడా కనబడలేదు. అదే బృందం ఇంతకుముందు ఫుట్‌బాలర్లని చూసినప్పుడు గోల్‌కీపర్లకి ముప్పు తక్కువ, డిఫెండర్లకి ఎక్కువ అని తేలింది. తలతో కొట్టే పని ఎవరికి ఎక్కువో ముప్పూ వాళ్లకే ఎక్కువ. రగ్బీలో అలాంటి గీత రాలేదు. స్క్రమ్‌ల వల్లే అని థాంప్సన్ లాంటివాళ్లు అనుమానిస్తుంటే, స్క్రమ్ ముఖం చూడని బ్యాక్‌లకి ముప్పు తక్కువుండాలి కదా?

2023లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పరిశోధకులు కలిసి 31 మంది రగ్బీ ఆటగాళ్ల మెదళ్లు చూసినప్పుడూ అంతే. 21 మందికి సీటీఈ ఉంది. ఏ స్థానంలో ఆడారు, ఏ స్థాయిలో ఆడారు అన్నదానికీ జబ్బుకీ సంబంధం దొరకలేదు. దొరికింది ఒక్కటే: ఎన్నేళ్లు ఆడారన్నది. ఆడిన ప్రతి అదనపు ఏడాదికీ ముప్పు 14 శాతం పెరిగింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెదడు దానమిచ్చే కుటుంబాలు చాలావరకు ఏదో తేడా ఉందని అనుమానించినవే. అందుకని 31లో 21 అన్న నిష్పత్తిని ఆటగాళ్లందరికీ అంటగట్టడం తప్పు. ఏళ్లకీ ముప్పుకీ ఉన్న సంబంధం మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

దీన్ని థాంప్సన్ కెరీర్ పక్కన పెట్టి చూడండి. ఏ స్థానం, ఏ స్థాయి అన్నది ఆ మెదళ్ల లెక్కలో తేడా చూపలేదు, ఏళ్లు చూపాయి. అంటే ఏ ఒక్క దెబ్బకీ పేరు పెట్టలేం. చిన్నాచితకా తాకిళ్లు కుప్పపడడమే కారణమైతే, అవి స్క్రమ్‌లో వచ్చినా ట్యాకిల్‌లో (బంతితో పరిగెత్తేవాణ్ని పట్టి పడెయ్యడంలో) వచ్చినా మెదడుకి ఒకటే కావచ్చు. అప్పుడు బ్యాక్‌లకీ ఫార్వర్డ్‌లకీ తేడా లేకపోవడం అంత వింత కాదు.

ఇంకో మెలిక. స్కాట్లండ్ పరిశోధనలోవాళ్లలో ఎక్కువమంది పాతతరం వాళ్లు. రగ్బీ యూనియన్ వృత్తి క్రీడ అయింది 1995 ఆగస్టులో. అంతకుముందు ఆటగాళ్లు పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలు ప్రాక్టీసు చేసి, శనివారం ఆడేవాళ్లు. థాంప్సన్ తరం జీతం తీసుకుని వారమంతా ప్రాక్టీసు చేసిన మొదటి తరం. ఒళ్లు పెంచే శాస్త్రం వచ్చింది, ఢీకొనే గంటలు పెరిగాయి, ఎన్ని తాకిళ్లు చాలు అని లెక్కపెట్టే అలవాటు మాత్రం రాలేదు. పాతతరానికే ముప్పు రెండింతలుంటే కొత్తతరం సంగతేమిటి? ఆ తరం ఇంకా నలభైల్లో, యాభైల్లో ఉంది. దాని లెక్క తేలడానికి ఇంకా రెండు మూడు దశాబ్దాలు పడుతుంది, కోర్టు అంతకాలం ఆగదు.

కోర్టుకి కావలసింది వేరు

ఇంగ్లండ్ చట్టంలో నిర్లక్ష్యం కింద పరిహారం రావాలంటే మూడు మెట్లెక్కాలి. జాగ్రత్తగా చూసుకోవలసిన బాధ్యత వాళ్లకుందా, ఆ బాధ్యత తప్పారా, తప్పినందువల్లే నష్టం జరిగిందా. చాలామంది మొదటి మెట్టే కష్టం అనుకుంటారు: ఆడింది మీరే, దెబ్బలు తగుల్తాయని తెలుసు, సంఘానికేం సంబంధం అని. నిజానికి ఆ మెట్టు పాత కేసులు సగం ఎక్కించేశాయి. చిత్రంగా, వాటిలో రెండు కేసులు హుకర్లవే.

1991లో ఒక కుర్రాళ్ల మ్యాచ్‌లో స్క్రమ్‌లు పదేపదే కూలుతున్నా రిఫరీ ఆపలేదు, హుకర్‌గా ఆడుతున్న కుర్రాడి మెడ విరిగి ఒళ్లు చచ్చుబడింది. రిఫరీదే తప్పని 1996లో అప్పీలు కోర్టు చెప్పింది. తరవాత వేల్స్‌లో ముందువరసలో అలవాటు లేనివాణ్ని ప్రాప్‌గా పెట్టి ఆడిస్తే మరో హుకర్‌కి అదే గతి పట్టింది. 2003లో తీర్పు వచ్చింది: రిఫరీతో పాటు వేల్స్ రగ్బీ సంఘం కూడా బాధ్యత మొయ్యాలని. ఇక బాక్సర్ మైకేల్ వాట్సన్ కేసు ఉండనే ఉంది. 1991లో క్రిస్ యుబ్యాంక్‌తో పోరులో అతని మెదడు దెబ్బతింటే, రింగు పక్కన సరైన వైద్యం ఏర్పాటు చేసే బాధ్యత బ్రిటిష్ బాక్సింగ్ బోర్డుదేనని 2000లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆట ప్రమాదకరమైందని ఆటగాడు ఒప్పుకుని దిగినా, నియమాలు పెట్టేవాడికి చేతులు దులుపుకునే వీల్లేదన్నమాట.

రెండో మెట్టు దగ్గర ఇందాకటి తేదీలు ముందుకొస్తాయి. బాధ్యత తప్పారా అంటే, అప్పటికి తెలిసినదాన్ని బట్టి తప్పారా అని. బాక్సర్ల సంగతి 1928 నుంచీ తెలుసు, ఆస్టల్ సంగతి 2002 నుంచీ తెలుసు అని ఆటగాళ్లవైపు వాదన. అది రగ్బీకి వర్తిస్తుందని అప్పటికి ఎవరూ రుజువు చెయ్యలేదు, వైద్యం ఎదిగేకొద్దీ మేమూ మారాం అని సంఘాల వాదన. ఇందులో సంఘాలకి ఇబ్బందిపెట్టే మలుపు ఒకటుంది. తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిన (కంకషన్ అయిన) ఆటగాడు మూడు వారాలు ఆడకూడదన్న నియమం రగ్బీలో ఎప్పటినుంచో ఉండేది. 2011లో దాన్ని తీసేసి, మెట్లుమెట్లుగా వారంలోపే తిరిగొచ్చే పద్ధతి పెట్టారు. మరుసటి ఏడాది, మైదానం పక్కనే ఐదు నిమిషాల పరీక్ష చేసి తిరిగి ఆడించే పద్ధతిని వ్యతిరేకిస్తూ అంతర్జాతీయ సంఘం వైద్య సలహాదారు బ్యారీ ఓడ్రిస్కాల్ రాజీనామా చేశాడు. ఆ రాజీనామా పరిహారం తెచ్చిపెట్టకపోవచ్చు. లోపలివాళ్లలోనే ఒకరు ఆనాడే అభ్యంతరం చెప్పారని మాత్రం అది రుజువు చేస్తుంది. మెలిక ఏమిటంటే థాంప్సన్ కెరీర్‌లో ఎక్కువభాగం పాత నియమం కిందే గడిచింది. కొత్త నియమం ఎంత లోపభూయిష్టమైనా అతని కేసుకి అక్కరకొచ్చేది తక్కువ.

అసలు ముడి మూడో మెట్టు దగ్గర. మెడ విరిగిన కుర్రాడి విషయంలో ఏ స్క్రమ్, ఏ నిమిషం అన్నది చెప్పొచ్చు. థాంప్సన్ విషయంలో చెప్పలేం. స్కూలు రోజుల ఆట, నార్తాంప్టన్, ఇంగ్లండ్, బ్రీవ్, లీడ్స్, వాస్ప్స్. ఏ తాకిడి వాటా ఎంత? అందులో సంఘం ఆపగలిగింది ఎంత, ఆట అన్నాక తప్పనిది ఎంత? ఇలాంటి చిక్కు ఇంగ్లండ్ కోర్టులకి కొత్తేం కాదు. ఒకరికంటే ఎక్కువమంది యజమానుల దగ్గర ఆస్బెస్టాస్ పీల్చి జబ్బుపడ్డ కార్మికుడికి ఏ పోగు ఎవరిదో చూపించలేకపోయినా, ముప్పు పెంచినవాళ్లంతా బాధ్యులేనని 2002లో తీర్పు ఉంది. ఆ వెసులుబాటుని మెదడు జబ్బులకీ చాచాలన్నది ఆటగాళ్ల లాయర్లకి ఒక దారి. చాస్తారా అన్నదే ప్రశ్న.

2022 జులైలో 185 మందికి పైగా మాజీ ఆటగాళ్ల తరపున కేసు లాంఛనంగా మొదలైంది. మరుసటి ఏడాది చివరికి ఆ సంఖ్య మూడొందలకి చేరువైంది. అందర్నీ ఒక్క గుంపుగా విచారించవచ్చా, ఎవరి వైద్య రికార్డులు ఎంతవరకు ఇవ్వాలి అన్న పేచీల్లోనే కాలం గడిచింది. ఇది వినడానికి చప్పగా ఉంటుంది గానీ కేసు బతుకంతా అక్కడే ఉంది. ఒక్కొక్కరి స్కాన్లు, ఫ్యామిలీ డాక్టర్ దగ్గరి పాత చీటీలు, కుటుంబంలో డిమెన్షియా ఉందా, మందు అలవాటు ఉందా అన్నీ బయటపెట్టాలి. మరిచిపోయే జబ్బున్నవాళ్లే తమ కెరీర్ గురించి సాక్ష్యం చెప్పాలి. థాంప్సన్ సిడ్నీ ఫైనల్ గుర్తు లేదంటే జనం అయ్యో అంటారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో 2004లో ఏ ప్రాక్టీసులో ఏం జరిగిందో గుర్తు లేదంటే అవతలి లాయరు అయ్యో అనడు.

నియమాలు మారాయి, ఎక్కడ?

2020 తరవాత రగ్బీ చాలా మార్చింది. ఇంగ్లండ్‌లో కింది స్థాయి క్లబ్బుల ఆటలో 2023 నుంచి ట్యాకిల్ రొమ్ము ఎముక కిందే పట్టాలి. పెద్ద స్థాయిలో తలకి తగిలే తాకిడిని కొలిచే మౌత్‌గార్డులు వచ్చాయి. హద్దు దాటితే ఆటగాణ్ని పరీక్షకి బయటికి పిలుస్తారు. ఇవన్నీ మ్యాచ్‌లో కనిపించేవి, టీవీలో వ్యాఖ్యాతలు చెప్పేవి.

వీటికంటే నా కంటికి ఆనింది 2021 సెప్టెంబరులో వరల్డ్ రగ్బీ, అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం కలిసి ఇచ్చిన ఒక మార్గదర్శకం. వారానికి పూర్తిస్థాయి ఢీకొట్టే ప్రాక్టీసు 15 నిమిషాలు మించొద్దు. అదుపులో ఉంచిన తాకిడి 40 నిమిషాలు. స్క్రమ్, లైనౌట్ లాంటివి ప్రత్యర్థులు పెట్టుకుని చేసేది 30 నిమిషాలు. అంటే థాంప్సన్ తరం గంటల తరబడి చేసినదానికి నిమిషాల్లో హద్దు గీశారు. అయితే అది మార్గదర్శకమే, నియమం కాదు. మ్యాచ్‌లో ఎత్తుగా పట్టిన ట్యాకిల్‌కి రెడ్ కార్డు చూపించే రిఫరీ ఉన్నాడు. మంగళవారం పొద్దున ప్రాక్టీసు పదహారో నిమిషంలోకి వెళ్తే ఊదడానికి విజిల్ ఎవరి దగ్గరా లేదు, క్లబ్బు తన లెక్క తనే రాసుకోవాలి.

ఈ అంకెలు కేసుకి సాయపడతాయా అంటే అనుకున్నంత కాదు. తరవాత జాగ్రత్త పడ్డారు కాబట్టి ముందు తప్పు చేసినట్టే అని ఇంగ్లండ్ కోర్టులు ఒప్పుకోవు. ఇప్పుడు ఇరవై ఏళ్లున్న హుకర్‌కి ఆ ముప్పై నిమిషాల గీత చాలా విలువైంది. థాంప్సన్ లాయర్లు మాత్రం ఆ గీత 2003లోనే గియ్యడానికి సరిపడా సమాచారం ఎవరి బల్ల మీద ఉందో, చదివి ఎవరు పక్కన పెట్టారో, పాత ఫైళ్లలోంచి చూపించాలి.